పాత గోదారి వాసన

పదకొండేళ్ల తర్వాత గౌతమీ గోదావరిలో మళ్లీ పులస పడింది. ఆశ్వయుజ శుద్ధ తదియ నాడు, పొద్దున్న ఎనిమిది గంటల వేళ, పొన్నలంక రేవుకు ఎదురుగా బొమ్మిడి ఏడుకొండలు వలలో పడింది.

అతను కేక వెయ్యలేదు. అరవై మూడేళ్ల మనిషి, యాభై ఏళ్లుగా ఆ నీళ్ల మీదే బతికినవాడు, చేపను రెండు అరచేతుల్లో పెట్టుకుని పడవలో చతికిలబడ్డాడు. పులస నీళ్లు దాటితే క్షణం బతకదు. వల పైకి వచ్చేలోపే దాని ప్రాణం పోయింది. వెండి పొలుసుల మీద వరద ఎర్రనీటి బొట్లు ఇంకా నిలిచే ఉన్నాయి. కాసేపటికి తేరుకుని మేనకోడలికి ఫోన్ చేశాడు.

"అమ్మడూ, ఎక్కడున్నావే?"

"మొగ దగ్గరే మావయ్యా. పీపాలు చూసుకుంటున్నాను."

"వచ్చింది."

సత్యవేణి ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుంది. "నిజంగానా? సరిగ్గా చూశావా? పులసేనా?"

"యాభయ్యేళ్లు పట్టినోణ్ణి, నాకు తెలవదంటే? పులసే. ఆడది. కడుపుతో ఉంది."

సముద్రం గోదావరిని కలుపుకునే చోట, లంగరేసిన తెప్ప మీద నిలబడి ఉన్న సత్యవేణి అక్కడే కూర్చుండిపోయింది. ఆమె చుట్టూ ఆరు పెద్ద నీలం పీపాలు. ఒక్కోదాని అడుగునుంచి సన్నని గొట్టం నీళ్లలోకి దిగి ఉంది. పది రోజులుగా ఆ గొట్టాల్లోంచి చుక్క చుక్కగా ఒక వాసన సముద్రంలోకి కారుతోంది. ఆ వాసన కోసం ఆమె తన వయసులో తొమ్మిదేళ్లు పెట్టింది. దాని పేరు కాగితాల్లో ఏదో పొడుగ్గా ఉంది గానీ, పరిశోధన కేంద్రంలో అందరూ 'పిలుపు' అనే అంటారు.

మధ్యాహ్నానికి నలభై పడవలు నీళ్లలో ఉన్నాయి. రొయ్యల చెరువుల మీద కూలికి పోయినవాళ్లు పని మధ్యలో వదిలేసి వచ్చారు. గంగమ్మ గుడి దగ్గర డప్పులు మోగాయి, చర్చిలో గంట కొట్టారు. మత్స్యకారుల సంఘం ప్రెసిడెంటు లాజరు తన పడవ ముక్కుకు బంతిపూల దండ వేసి, సత్యవేణి ఒడ్డున దిగగానే చేతులు రెండూ పట్టుకుని ఏడ్చేశాడు.

"మా పిల్లలు పులస పేరు ఇనడమే గానీ సూళ్లేదమ్మా. ఇయ్యాల సూశారు."

*

పులస గోదావరిలో పుడుతుంది. వేలెడంత కాగానే సముద్రంలోకి పోతుంది. పెరిగి పెద్దదై, గుడ్లు పెట్టే కాలానికి, పుట్టిన నీళ్ల వాసన పట్టుకుని ఎదురీదుకుంటూ వస్తుంది. ఇది ఏడుకొండలు తాతకీ తెలుసు. అయితే ఆ వాసన మారిపోతే ఏం చేస్తుందో మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

గోదావరి మారిపోయింది. పైన నీళ్లు ఆగిపోయాయి. ఆషాఢంలో రావలసిన ఎర్రనీరు భాద్రపదం దాటాక గానీ దిగడం లేదు. ఇసుక కోసం తవ్వగా తవ్వగా రెల్లు పెరిగే లంకలు ఒకటొకటిగా మాయమయ్యాయి. చెరువుల మురుగంతా ఏటిలోకే వస్తోంది. చేపలు ప్రతి ఏడూ మొగదాకా రావడం, నీళ్లు వాసన చూసి, ఇది మన ఊరు కాదనుకుని వెనక్కి తిరగడం. చివరికి రావడమే మానేశాయి.

తల్లి పోయాక మేనమామ దగ్గరే పెరిగిన సత్యవేణి, ఏటి ఒడ్డున ఉన్న పరిశోధన కేంద్రంలో చేరి, ఒక సంగతి కనిపెట్టింది. పరాయి నదుల్లో పుట్టిన చేపపిల్లల్లో కూడా తాతముత్తాతల నాటి నీళ్ల జ్ఞాపకం నిద్రపోతూ ఉంటుంది. సరైన వాసన తగిలితే అది లేస్తుంది. అందుకని ఆమె ఒక పాత లంక కింద పన్నెండడుగుల లోతునుంచి అరవై ఏళ్ల నాటి ఒండ్రు తీయించి, అందులో దాగి ఉన్న వాసనలను ఒక్కటొక్కటే విడదీసి, మళ్లీ కలపడం మొదలుపెట్టింది.

కలిపింది సరైనదో కాదో తేల్చడమే కష్టమైంది. పులసను తొట్టిలో పెంచి చూద్దామంటే అది చేతిలోనే చచ్చిపోతుంది. చేప చెప్పలేని సాక్ష్యం ఎవరు చెప్పాలి?

ఒకనాడు భోజనాల దగ్గర ఈ మాటే అంటే, ఏడుకొండలు పక్కున నవ్వాడు.

"నేను సెప్తాను. సిన్నప్పుడు మా అయ్య కళ్లు మూయించి, దోసిట్లో నీళ్లు ముక్కు కాడ పెట్టేవోడు. శబరి పొంగిందో, ఇంద్రావతి పొంగిందో సెప్పకపోతే మొట్టికాయే."

మనిషి ముక్కు చేప ముక్కుకు సాటి రాదు. కానీ సాటి వచ్చేలా చేసే దారి ఒకటి సత్యవేణి చేతిలో ఉంది. చేప ముక్కులో వాసనను పట్టుకునే కణాల లక్షణాన్ని కొన్నాళ్లపాటు మనిషి ముక్కులోకి మోసుకుపోయే మందు అది. ముక్కులో నాలుగు చుక్కలు వేస్తే చాలు. నిపుణుల కమిటీ ఆ మందును ఒక మనిషికి ఆరుసార్లు మించి వెయ్యకూడదని అనుమతి పత్రంలో రాసింది. ఏడుకొండలు ఆ పత్రం మీద వేలిముద్ర వెయ్యనని, పట్టుబట్టి సంతకమే చేశాడు.

ఆ చలికాలమంతా మేనమామ, మేనకోడలు ప్రయోగశాలలో ఎదురెదురుగా కూర్చున్నారు. ఆమె గాజు గిన్నెలో నీళ్లు పెట్టేది. అతను కళ్లు మూసుకుని వాసన చూసేవాడు.

"మొన్నటిదానికంటే నయమేగానీ, ఇది గోదారి కాదే అమ్మడూ. గోదారిలాంటి ఇంకో ఏరు."

ఇంట్లో అతని భార్య మాణిక్యం గోల పెట్టేది. "మీ మావయ్యకి ఏం మందేశావే? వీధి మొగలోంచే ఎవరింట్లో ఏం కూరో సెప్తన్నాడు. కంచం ఇనప వాసనేస్తందని అరిటాకు ఎయ్యమంటన్నాడు. నిన్న నా పట్టుచీర పెట్టెలోంచి తీస్తే, ఇది మన పెళ్లినాటి సెంటు వాసనే అన్నాడు. నలభయ్యేళ్లయిందే!" ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమె మొహం ఎర్రబడింది.

ఆరో విడత అయిపోయింది. వాసన దాదాపు కుదిరింది గానీ ఏదో ఒక్కటి తక్కువ. అదేమిటో ఏడుకొండలుకు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతోంది.

"ఇంకొక్కసారి ఎయ్యవే. దొరుకుద్ది."

"ఆరే ఒప్పుకున్నారు మావయ్యా."

"ఒప్పుకున్నోళ్లు గోదారి సూశారా?"

సత్యవేణి అతని మొహంలోకి చూసింది. తర్వాత మందు గొట్టం నింపింది. తను అప్పుడు వద్దనగలిగి ఉండేదనీ, అతని ఆత్రం కంటే తన ఆత్రమే ఎక్కువనీ ఆమె ఆ తర్వాత చాలాసార్లు తలుచుకుంది. ఏడోసారి వేసినది ఏ కాగితం మీదా రాయలేదు. ఎనిమిదోది, తొమ్మిదోది కూడా రాయలేదు. పదకొండోసారి వేసిన రోజున ఏడుకొండలు గిన్నె ముందు చాలాసేపు కదలకుండా కూర్చుని, ఉన్నట్టుండి కళ్లు తెరిచాడు.

"రెల్లు. రెల్లు దుబ్బుల కింద నానిన మన్ను. లంకలన్నీ తవ్వేశారు కదే, అందుకే మరిసిపోయాను."

సత్యవేణి ఎక్కడో మిగిలిన ఒక లంక గట్టునుంచి రెల్లు వేళ్లు తవ్వి తెచ్చి, వాటి సారం కలిపింది. మర్నాడు గిన్నె అతని ముందు పెట్టింది. ఏడుకొండలు వాసన చూశాడు. అతని మొహం చిన్నపిల్లాడి మొహంలా అయిపోయింది. గిన్నెను రెండు చేతులతో పట్టుకుని, "అయ్యా" అన్నాడు. చచ్చిపోయిన తండ్రిని పిలుస్తున్నాడని ఆమెకు అర్థమై, లేచి గది బయటికి వెళ్లిపోయింది.

*

మొదటి పులస పడ్డ ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి సత్యవేణి మేనమామ ఇంటికి బయల్దేరింది. వీధి మలుపు తిరుగుతుండగానే మాడు వాసన ముక్కుకు తగిలింది. ఎవరింట్లోనో అనుకుంది. గుమ్మంలోకి వచ్చేసరికి లోపలినుంచి పొగ వస్తోంది.

ఏడుకొండలు పొయ్యికి రెండు మూరల దూరంలో, గోడకు ఆనుకుని వల బాగుచేసుకుంటున్నాడు. అతని వెనకే పొయ్యి మీద మట్టిదాకలో పులుసు ఇగిరిపోయి, ముక్కలు బొగ్గైపోతున్నాయి.

"రా అమ్మడూ, రా! మీ అత్త పక్కింటికి ఎల్లింది, నన్ను సూత్తా ఉండమంది. సూశావా, పులుసు ఎలా ఘుమాయిస్తందో!"

సత్యవేణి గబగబా వెళ్లి గుడ్డతో పట్టి దాకను దించింది. వంటింటి అలమరలోంచి ఇంగువ డబ్బా తీసుకుని వచ్చి అతని ముందు కూర్చుంది.

"కళ్లు మూసుకో మావయ్యా."

"మళ్లీ పరీచ్చలేంటే?"

"మూసుకో."

డబ్బా మూత తీసి ముక్కు కింద పెట్టింది. తన కళ్లలోనే నీళ్లు తిరిగేంత ఘాటు. ఏడుకొండలు రెండుసార్లు గాలి పీల్చాడు. కాసేపు ఆలోచించాడు.

"కాఫీ పొడి," అన్నాడు.

ఆమె డబ్బా మూసేసింది. "ఎప్పట్నించి?"

కళ్లు తెరిచి, ఆమె చేతిలోది ఏమిటో చూసి, అతను తల వంచుకున్నాడు. "మాఘమాసం నించి. ముందు అన్నం వాసన పోయింది. తర్వాత మల్లిపూలు. గోదారి ఒక్కటీ ఇంకో పది రోజులు ఉంది. తర్వాత అదీ పోయింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"సెప్తే ఆపేత్తావు. నాకు తెలవదా నీ సంగతి? నా ముక్కు పోతే పోయింది, సేప రావాలనుకున్నాను. వచ్చింది కదే."

గుమ్మంలో ఖాళీ గిన్నెతో మాణిక్యం నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. మాడిన దాక వంక చూడలేదు. మొగుడి వంకే చూసింది.

"ఎనిమిది నెలల్నించీ," అంది నెమ్మదిగా, "నా వంట కమ్మగా ఉందని అబద్ధాలాడతన్నావా?"

ఏడుకొండలు వలను పక్కన పెట్టాడు. ఆమె గిన్నె కింద పెట్టి, పెరట్లోకి పోయి, నూతి గట్టు మీద కూర్చుంది. అతను కాసేపు ఆగి వెళ్లి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో సత్యవేణి వినలేదు. ఆమె బుర్రలో అప్పటికే ఇంకో ఆలోచన మొదలైంది. మేనమామ ముక్కులో తను పెట్టినది చేప లక్షణం. ఆ లక్షణాన్ని కాల్చేసినది గిన్నెల్లో అన్నాళ్లూ వాసన చూపించిన తన పిలుపు. మరి ఆ చేపల సంగతేమిటి?

*

సప్తమి నాడు పొద్దున్నే సత్యవేణి ఇంజను పడవ మీద ఎగువనున్న ఆనకట్ట దాకా వెళ్లింది. ఎర్రనీరు నిండుగా ఉంది. ఆనకట్ట తలుపుల కింద నీళ్లు మసులుతున్నట్టున్నాయి. దగ్గరికి వెళ్తే తెలిసింది, అవి నీళ్లు కావు. చేపల వీపులు. వందలు, వేలు.

గుడ్లతో ఉన్న పులస ఆనకట్ట తగిలితే వెనక్కి తిరిగి, ఇసుక మేటల మీద పల్చటి నీళ్లు ఎక్కడ పారుతున్నాయో వాసనతో వెతుక్కుని, అక్కడ గుడ్లు పెడుతుంది. ఇవి వెతకడం లేదు. గుండ్రంగా తిరుగుతున్నాయి. తిరిగి తిరిగి రాతి స్తంభాలకు తల కొట్టుకుంటున్నాయి. కొన్ని వెల్లకిలా తేలిపోతున్నాయి.

పది చేపల తలలు కేంద్రానికి తెచ్చి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. పువ్వు రేకుల్లా విచ్చుకుని ఉండాల్సిన ముక్కు పొరలు కాలిన కాగితంలా ముడుచుకుపోయి ఉన్నాయి. పదింటికి పదీ అంతే. నిజమైన నదిలో వాసన వందల మైళ్లు నడిచి, పలచబడి, ఉండీ లేనట్టు వస్తుంది. పీపాల్లోంచి వచ్చినది చిక్కటిది, అదే పనిగా కొట్టేది. పిలిచిన గొంతే చెవులు పగలగొట్టినట్టయింది.

డైరెక్టరు కృపానిధి చెడ్డవాడు కాదు. ఆమె చెప్పినదంతా ఓపిగ్గా విన్నాడు. లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"పున్నమికి మంత్రిగారు వస్తున్నారు. ఎనిమిది రోజులే ఉంది. అప్పటిదాకా నడవనివ్వండి. తర్వాత సాంకేతిక లోపమని ఆపేద్దాం. వచ్చే ఏడాది పలచగా కలిపి చూడొచ్చు."

"ఎనిమిది రోజుల్లో ఇంకెన్ని లోపలికి వస్తాయో తెలుసా సార్? వచ్చినది ఒక్కటీ గుడ్డు పెట్టదు. సముద్రంలో మిగిలిన కాస్తా మనమే పిలిచి చంపినట్టు."

"సత్యవేణిగారూ, ఆపాలంటే కారణం రాయాలి. కారణం రాస్తే మీ మావయ్యగారి సంగతి బయటికొస్తుంది. ఆరు అని రాసిచ్చి ఎన్నిసార్లు వేశారో కమిటీ అడుగుతుంది."

"పదకొండుసార్లు. నేనే రాసిస్తాను."

అక్కడే, అతని బల్ల మీదే కాగితం తీసుకుని రాసింది. సంతకం చేసేటప్పుడు మాత్రం కలం ఒక్క క్షణం ఆగింది.

ఆ మధ్యాహ్నమే మొగకు బయల్దేరింది. ఏడుకొండలు అడక్కుండానే వచ్చి చుక్కాని పట్టుకున్నాడు. పీపాలు ఇంకా ఫర్లాంగు దూరంలో ఉండగానే లాజరు పడవ అడ్డొచ్చింది. వెనక ఇంకో పాతిక పడవలు. కబురు అప్పుడే పాకింది.

"ఆపేత్తావంట కదమ్మా?" లాజరు పడవలో నిలబడే అడిగాడు. మొన్న ఏడ్చిన మనిషిలా లేడు. "మా నోటికాడి కూడు లాగేత్తావా? పదకొండేళ్లు రొయ్యల చెరువుల్లో బురద తోడాం. ఇయ్యాలికి మళ్లీ మా పని మాకొచ్చింది. నాలుగు రోజులు కాకుండానే ఆపేత్తావా?"

సత్యవేణి చెప్పడం మొదలుపెట్టింది. కణాలు, పొరలు, కాలిపోవడం. ఎవరికీ అర్థం కాలేదు. ఎవరో వెనకనుంచి తిట్టారు. ఒక పడవ వచ్చి ఆమె పడవను గుద్దింది. పడవ ఊగిపోయి ఆమె కింద పడబోయింది. అప్పుడు ఏడుకొండలు చుక్కాని వదిలి లేచాడు.

"ఒరే లాజరూ, నాకు వాసన తెలవదురా."

"ఏంటి మావా?"

"నా ముక్కు సచ్చిపోయింది. నా ముక్కులో ఏసిన మందు సేప గుణమే, దాన్ని కాల్చేసింది ఈ పీపాల్లో వాసనే. ఎనిమిది నెలలైంది. మీ అత్త నెత్తిలో పువ్వెట్టుకుంటే అది మల్లో గడ్డో నాకు తెలవదు. ఆ సేపలకీ అంతే అయ్యింది. ఆనకట్ట కాడికెల్లి సూడండి, గుడ్డోళ్లలాగా రాళ్లకి కొట్టుకుంటన్నాయి." అతను ఎగువ వైపు చెయ్యి చూపించాడు. "ఇంట్లో గింజ లేకుండా సుట్టాల్ని బోయినానికి పిలిచాంరా మనం. పాత గోదారి ఉందని సెప్పి పిలిచాం. లేదది. నేను, మా అమ్మడూ కలిసి అబద్ధం ఆడాం."

పోటు నీళ్లు పడవల పక్కలను తడుతున్నాయి. లాజరు ఏడుకొండలు మొహం వంక చూసి, తన పడవను పక్కకు లాక్కున్నాడు. సాయం రాలేదు, అడ్డూ రాలేదు. సత్యవేణి తెప్ప ఎక్కి ఆరు పీపాల గొట్టాలకున్న మరలూ ఒక్కొక్కటే బిగించింది. ఆరోది తుప్పు పట్టి తిరగలేదు. ఏడుకొండలు వచ్చి దాన్ని బలంగా తిప్పాడు.

*

మర్నాడు పొద్దున్నే లాజరు పరిశోధన కేంద్రం గేటు దగ్గరికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఆనకట్ట కాడికెల్లి సూశాను," అన్నాడు. "లోపలున్నవాటి సంగతేంటి? అన్నీ సావాల్సిందేనా?"

"చేపలు బతకవు లాజరూ. గుడ్లు మాత్రం బతికించొచ్చేమో."

పులస చేతిలో చచ్చిపోయినా, దాని కడుపులోని గుడ్లు ఇంకొన్ని నిమిషాలు బతికే ఉంటాయి. ఆ కొన్ని నిమిషాల్లో, పడవలోనే పని అయిపోవాలి. ఆడచేప పొట్టను మెల్లగా నిమిరి గుడ్లు పళ్లెంలోకి పిండాలి. దాని మీద మగచేప పాలలాంటి బీజం పిండి, కోడి ఈకతో కలపాలి. తర్వాత ఏటి నీళ్లు పొయ్యాలి. సత్యవేణి రేవులో అందరినీ కూర్చోబెట్టి చేసి చూపించింది. మొదట్లో గుడ్లు చిదిమేశారు. యాభై ఏళ్లుగా వలలు పీకిన చేతులు అవి. మాణిక్యం వచ్చి చూసి, "అప్పడాల పిండి పిసికినట్టు పిసుకుతారేంటర్రా? పసిపిల్ల పొట్ట రుద్దినట్టు రుద్దాలి," అని, తనే ఒక చేప అందుకుంది. ఆ తర్వాత ఆడవాళ్లే ఎక్కువమంది పడవలెక్కారు.

ఆరు రోజులు ముప్పై పడవలు ఆనకట్ట కింద తిరిగాయి. ఎవరూ చేప అమ్మలేదని కాదు, గుడ్లు తీసిన చేపను అమ్ముకున్నారు, తిన్నారు. కానీ గుడ్లు ఒక్క పిసరు కూడా ఎవరింటికీ పోలేదు. లక్షల గుడ్లలో ముప్పాతిక వంతు తెల్లబడి చచ్చిపోయాయి. మిగిలినవాటిలో కొన్ని పగిలాయి. కంటికి ఆనీ ఆననట్టు, గాజు వెంట్రుకల్లా ఉన్న పిల్లలు.

వాటిని ఏ నీళ్లలో పెంచాలన్న ప్రశ్న వచ్చింది. కేంద్రంలోని వాళ్లు శుద్ధిచేసిన నీళ్లు అన్నారు. లాజరు ఇంకో మాట అన్నాడు.

"పీపాల్లో పాత గోదారి మిగిలింది కదమ్మా. పలచగా కలిపి అందులో పెంచుదాం. మంచి గోదారిని మరిగితే, పెద్దయ్యాక ఆ వాసనకే వత్తాయి."

సత్యవేణికీ ఆ ఆశ లేకపోలేదు. తొమ్మిదేళ్ల పని ఆ పీపాల్లో ఉంది. ఆమె మేనమామ వంక చూసింది. ఏడుకొండలు నీళ్లలోకి దిగి నడుముదాకా నిలబడి ఉన్నాడు. ఆనకట్టకు దిగువన మిగిలిన కొద్ది ఇసుక మేటల్లో ఒకటి అది. పిల్లల కోసం గుడ్డతో కట్టిన పంజరాలు నీళ్లలో ఊగుతున్నాయి. అతను దోసిట్లో నీళ్లు తీసుకుని ఆమె ముందుకు చాపాడు.

"ఇదెలా ఉందో సెప్పవే."

ఆమె వంగి వాసన చూసింది. అబద్ధం చెబుదామనిపించింది. చెప్పలేదు.

"చెరువుల మురుగు ఉంది మావయ్యా. ఎరువుల వాసన. కాస్త డీజిలు. కింద ఎక్కడో కొండమట్టి ఉంది, శబరిదనుకుంటా. రెల్లు లేదు."

అతను ఆ నీళ్లను వేళ్ల సందుల్లోంచి జారనిచ్చాడు.

"ఇదే నేర్చుకోనీ," అన్నాడు. "రేపు అవి వచ్చేది ఇందులోకే కదా. లేని ఇంటికి దారి సెప్పి పంపకూడదు."

పిల్లలు పదమూడు రోజులు ఆ నీళ్లలోనే పెరిగాయి. వాటిలో సగం ఆ నీళ్లకే చచ్చిపోయాయి. మిగిలినవాటిని కార్తీకం వచ్చాక ఒక ఉదయం పంజరాల మూతులు విప్పి వదిలేశారు. సముద్రం వైపు లాగే పాటు నీటితో కలిసి దిగువకు పోయాయి. కాసేపటికి నీళ్ల మీద ఏమీ కనిపించలేదు.

కమిటీ సత్యవేణిని ఉద్యోగంలోంచి తీసేసింది. ఇకమీదట మనిషి మీద ఏ ప్రయోగమూ చెయ్యకూడదని తీర్పు రాసింది. ఆమె దానికి ఎదురు చెప్పలేదు. కాకినాడలో ఒక కాలేజీలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, ఆదివారాలు పొన్నలంక వచ్చి, సంఘం వాళ్లతో కలిసి మిగిలిన ఇసుక మేటల లెక్క రాసేది. రెండు మేటల మీద తవ్వకాలు ఆగాయి. మూడోది ఆగలేదు. ఏడుకొండలు ముక్కు తిరిగి రాలేదు. మాణిక్యం వండేటప్పుడు పొయ్యి పక్కన కూర్చుని ఇది వేయించాను, ఇది మాడింది, ఇప్పుడు కరివేపాకు వేశాను అని చెబుతూ ఉంటే, అతను ఊఁ కొడుతూ తినేవాడు.

మొదటి ఏడు ఎర్రనీరు వచ్చింది, పోయింది. చేప రాలేదు. రెండో ఏడూ అంతే. కొందరు మళ్లీ చెరువుల మీదకు పోయారు. మళ్లీ పీపాలు పెట్టరా అని ఒకరిద్దరు అడిగారు. లాజరే వాళ్ల నోరు మూయించాడు.

మూడో ఏడు ఆశ్వయుజ బహుళంలో పులస పడింది. సత్యవేణి తరగతిలో ఉండగా ఫోన్ మోగింది. పిల్లల్ని కూర్చోమని చెప్పి వరండాలోకి వచ్చింది.

"వచ్చాయే," అన్నాడు ఏడుకొండలు.

"ఎన్ని?"

"నా వలలో రెండు. లాజరుకి ఒకటి."

లోపల పిల్లలు గొడవ చేస్తున్నారు. చేపలు మూడు. అంతకుమించి వస్తాయో రావో, వచ్చినా మేటలు మిగులుతాయో లేదో ఎవరికీ తెలియదు. ఎవరూ పిలవలేదు, అయినా వచ్చాయి.

"నీళ్లెలా ఉన్నాయి మావయ్యా?" అని అడిగింది, ఆ మాట అడగకూడదని గుర్తు రాకముందే.

అతను కోప్పడలేదు. పడవ పక్కన నీళ్లు కొట్టుకుంటున్న చప్పుడు ఫోన్లో వినబడుతోంది.

"నాకేం తెలుత్తుందే?" అన్నాడు. "మనకి కాకపోవచ్చు గానీ అమ్మడూ, వాటికి ఇదే గోదారి."